పెద్దమ్మ ముక్కు

మా పెద్దమ్మ పసిపిల్లలకు అసహ్యించుకోవడం నేర్పుతుంది. ఆవిడ ఉద్యోగమే అది. జీతమిచ్చేవాళ్ళు దానికి వేరే పేర్లు పెట్టుకున్నారు. శుభ్రత, మంచి అలవాట్లు, క్రమశిక్షణ అంటూ గోడ నిండా రంగురంగుల అక్షరాలు అంటించుకున్నారు. కానీ ఆ వీధిలో మంచినీళ్ళ క్యాన్లు వేసేది నేనే కాబట్టి, రోజూ ఆ గుమ్మంలో నిలబడి చూసేవాణ్ణి. అక్కడ జరిగేదల్లా పిల్లల చేత ఛీ అనిపించడమే.

అది ఆఫీసులకు పోయేవాళ్ళు పిల్లల్ని దించిపోయే శిశువిహారం. మోకాలెత్తు కుర్చీలు, మోకాలెత్తు బేసిన్లు, మోకాలెత్తు అద్దాలు. తలుపు తీయగానే పాలు, ఫినాయిలు, పౌడరు కలిసిన వాసనొకటి గుప్పుమంటుంది. అది వాళ్ళ వాసన కాబట్టి దాన్ని వాసన అనరు. నీలం ఏప్రాను కట్టుకుని మా పెద్దమ్మ ఆ గదుల్లో తిరుగుతుంటుంది. పిల్లలూ, వాళ్ళ తల్లులూ, ఆ విహారం నడిపే మేడమూ, అందరికీ ఆవిడ ఆయమ్మే.

తిట్టదు, కొట్టదు. "ఇన్నేళ్ళలో నా చెయ్యి ఏ పిల్లమీదా పడలేదు" అని గొప్పగా చెప్పుకుంటుంది. ఆ ముక్కు ఉండగా చెయ్యి పడాల్సిన అవసరమేముంది?

ముందు ముక్కుపుటాలు కదులుతాయి. తర్వాత పైపెదవి ఓ పక్కకి లేస్తుంది. ఆ తర్వాత తల మెల్లగా పక్కకి తిరుగుతుంది. కళ్ళు మాత్రం తిరగవు. అసలు కిటుకంతా అక్కడే ఉందని ఒకసారి నాకు చెప్పింది.

"మొహం తిప్పుకోవాల్రా, కళ్ళు తిప్పుకోకూడదు. కళ్ళు కూడా తిప్పేసుకున్నామనుకో, వీళ్ళు చూడట్లేదులే అని వాడి పని వాడు చేసుకుపోతాడు. నిన్ను చూస్తూనే ఉన్నాను, కానీ నువ్వు నాకొద్దు. ఆ సంగతి వాడికి తెలియాలి."

చీమిడి తుడుచుకున్న చెయ్యి, నేలమీద పడ్డాక నోట్లో పెట్టుకున్న బిస్కెట్టు, తడిసిన నిక్కరు. అన్నిటికీ అదే మొహం. కొత్తగా వచ్చిన పిల్లాడు అదేదో ఆట అనుకుని ముందు నవ్వుతాడు. తర్వాత ఏడుస్తాడు. ఆ తర్వాత ఎప్పుడో పక్కవాడి నిక్కరు తడిసినప్పుడు, వాడే ఆ మొహం పెడతాడు. అప్పుడు పెద్దమ్మ రెండు చప్పట్లు కొడుతుంది. ఆ రెండు చప్పట్ల కోసం ఆ పిల్లలు పడే తాపత్రయం అంతా ఇంతా కాదు. పక్కవాణ్ణి ఛీ అను, నువ్వు మావాడివి. మనిషి నలుగురిలో కలిసే పద్ధతి గురించి లావు లావు పుస్తకాలు రాశారు. దొరికినవి నేనూ చదివాను. ఒక్కదాంట్లోనూ ముక్కు గురించి లేదు.

సాయంత్రం గేటు దగ్గర తల్లుల మాటలు వినాలి.

"మావాడు ఇంట్లో వాళ్ళ తాతగారి కంచం చూసి ఛీ అంటున్నాడండీ మేడమ్! ఆయనకి చేతులు వణికి కిందా మీదా పోస్తారు కదా. ఎంత ముద్దుగా అంటాడో!"

"మా ఆయమ్మ చేతి చలవండీ" అంటుంది మేడమ్. ఆ తాతగారు ఆ పూట తిన్నాడో లేదో ఎవరూ అడగరు.

పెద్దమ్మకి ఈ విద్య ఎవరు నేర్పారంటే, జిగురు ఫ్యాక్టరీ నేర్పింది.

ఊరి చివర ఉంటుంది ఆ ఫ్యాక్టరీ. ఎముకలు, గిట్టలు, తోళ్ళ ముక్కలు లారీల్లో వస్తాయి. వాటిని సున్నపు తొట్లలో నానబెడతారు, కడుగుతారు, మనిషి నిలువునా మునిగేంత పాత్రల్లో ఉడికిస్తారు. పైన తేలిన తెట్టు తీసి పారబోస్తారు. మిగిలింది ఆరబెడితే తేనెరంగు పలకలవుతుంది. పలక చూడ్డానికి అందంగానే ఉంటుంది, ఎండకి ఎత్తిపడితే వెలుతురు ఇవతలికి కనబడుతుంది. ఉడికించినవాడి సంగతే వేరు. ఆ వాసన వాడి జుట్టులో, గోళ్ళ కింద, చెవుల వెనక కాపురం పెడుతుంది. ఏ సబ్బుకీ లొంగదు. మా తాత అందులోనే పనిచేసి పోయాడు. మామయ్య, అంటే పెద్దమ్మ తమ్ముడు, ఇప్పటికీ అందులోనే ఉన్నాడు. మా అమ్మ వాళ్ళిద్దరికీ మధ్యది. ఆవిడ పోయాక పెద్దమ్మే నన్ను పెంచింది. కాబట్టి నా ముక్కు కూడా ఆవిడ చేతి పనే.

చిన్నప్పుడు బళ్ళో పెద్దమ్మ కూర్చున్న బల్లమీద, ఆవిడ పక్కన ఎప్పుడూ ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉండేదట. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదట. జరిగి కూర్చునేవాళ్ళు, అంతే.

"ఏడ్చేదానివా?" అని అడిగాను.

"ఏడిస్తే ఏమొస్తుందిరా, కళ్ళు మంట తప్ప. చూశాను. ముందు ముక్కు మూసుకునేది ఎవరు, వాళ్ళని చూసి మూసుకునేది ఎవరు, చూసి చూసి కనిపెట్టాను. ముందు మూసుకున్నవాళ్ళ జోలికి ఎవరూ రారు."

కొన్నాళ్ళకి జిగురు ఫ్యాక్టరీ నుంచే ఇంకో పనివాడి కూతురు బళ్ళో చేరింది. ఆ పిల్ల గుమ్మంలో అడుగుపెట్టగానే అందరికంటే ముందు ముక్కు మూసుకున్నది మా పెద్దమ్మ. క్లాసంతా తిరిగి ఈవిణ్ణి చూసింది. తర్వాత అందరూ నవ్వారు. తర్వాత అందరూ ముక్కులు మూసుకున్నారు.

"ఆ పూట నా పక్కన కూర్చున్న పిల్ల మోచెయ్యి నాకు తగిలింది" అంది పెద్దమ్మ. "అంతవరకూ ఎవరి మోచెయ్యీ తగల్లేదు."

"మరి ఆ కొత్త పిల్ల?"

"ఏమో. మానేసినట్టుంది." ఉతికిన ఏప్రాను మోకాలిమీద పెట్టుకుని మడతలు సరిచేసుకుంది.

ఇది ఆవిడ సిగ్గుపడుతూ చెప్పిన కథ కాదు. తెలివిగా బతికి బయటపడ్డ కథ. మా ఇంట్లో అందరం దాన్ని అలాగే వినాలి.

మామయ్యకి లేక లేక ఒక కూతురు పుట్టింది. ఏది పెట్టినా రెండు బుగ్గల్లోనూ కుక్కుకుని ఇల్లంతా పరిగెడుతుంది కాబట్టి ఉడత అంటాం. దానికి మూడేళ్ళు నిండేసరికి ఒక అలవాటైంది. సాయంత్రం మామయ్య ఇంకా సందు మలుపు తిరగకముందే, గాలి అటునుంచి వీస్తే చాలు, చేతిలో ఉన్నది ఉన్నచోట పారేసి గుమ్మంలోకి ఉరుకుతుంది. ఆయన వచ్చి నిలబడగానే వెళ్ళి పొట్టకి గుద్దుకుని ఆ చొక్కాలో మొహం దూర్చేస్తుంది. ఊరంతా ముక్కు మూసుకునే ఆ కంపు దానికి నాన్న. అంతకుమించి దానికి వేరే అర్థం తెలియదు.

దాన్ని శిశువిహారంలో వెయ్యాలని మామయ్యకి పట్టుదల పుట్టింది. అక్కడ పనిచేసేవాళ్ళు ఇంటి పిల్లనొకదాన్ని తెచ్చుకోవచ్చు. కాకపోతే మేడమ్ ఒక నెల చూస్తుంది. "మా పద్ధతులు పట్టుబడాలి ఆయమ్మా. లేకపోతే మిగతా పిల్లలు పాడవుతారు" అంది.

ఈ సంగతి మాట్లాడ్డానికి పెద్దమ్మ మామయ్య ఇంటికి వెళ్తే నేనూ వెళ్ళాను. తమ్ముడి ఇంట్లో ఆవిడ ఎప్పుడూ కిటికీ పక్క కుర్చీలోనే కూర్చుంటుంది. గాలి కోసం అంటుంది.

"నాలాగా ఇది ఆ పాత్రల చుట్టూ తిరక్కూడదక్కా" అన్నాడు మామయ్య. "అద్దాల తలుపు తోసుకుని లోపలికెళ్ళే మనిషి కావాలి. నాకు ఆ తలుపు తుడిచే ఉద్యోగం కూడా ఇవ్వరు."

అత్త, అంటే మామయ్య భార్య, టైలరింగు షాపులో గుండీలు కుడుతుంది. ఇంట్లో కూడా సూది పట్టుకునే మాట్లాడుతుంది. "ఆ తలుపు తోస్తే ఏమొస్తుందో, వాళ్ళ మొహాలు చూస్తే నాకేం ఆశ పుట్టట్లేదు" అంది.

"నువ్వాగవే. అక్కా, నువ్వు చెప్పు."

"చేర్పిద్దాం. కానీ గేటు దగ్గరికి నువ్వు రావద్దు. తీసుకెళ్ళేదీ తీసుకొచ్చేదీ నేనే."

"రానులే. నాకు మాత్రం తెలీదా?"

"అక్కడ అది నన్ను అత్తా అనకూడదు. అందరిలాగే ఆయమ్మా అనాలి."

"విన్నావటే ఉడతా? ఆయమ్మ! ఏదీ, అను." ఆయన ఒళ్ళో కూర్చున్న ఉడత ఆయన గోళ్ళు వాసన చూస్తూ, "ఆయమ్మ" అంది. మామయ్య పొంగిపోయాడు. పిల్ల అప్పుడే పెద్ద చదువు చదివేసినట్టు అత్తవైపు చూశాడు. అత్త దారం పంటితో కొరికింది.

శిశువిహారంలో ఉడతకి పాటలొచ్చాయి, అంకెలొచ్చాయి, బేసిన్ దగ్గర వరసలో నిలబడ్డం వచ్చింది. ఛీ మాత్రం రాలేదు. పెద్దమ్మ ఎవరిదో మురికి మేజోడు వేలితో పైకెత్తి మొహం పెడితే పిల్లలందరి ముక్కులూ ముడుచుకున్నాయి. ఉడత దగ్గరికెళ్ళి వాసన చూసి "ఇంకోటి?" అంది. కుళ్ళిన పండు చూపిస్తే వేలు గుచ్చింది. ఒక పిల్లాడి నిక్కరు తడిసి అందరూ వాడికి దూరంగా జరిగితే, ఇది వెళ్ళి వాడి పక్కన ఆ తడిలోనే చతికిలబడి బుగ్గ నిమిరింది. సరిగ్గా ఆ సమయానికే మేడమ్ తలుపు తీసింది.

"ఈ పిల్లకి ముక్కు పనిచేస్తుందా ఆయమ్మా? డాక్టరుకి చూపించారా?"

"పనిచేస్తుందమ్మా. నేర్చుకుంటుంది."

"నెలాఖరు దాకా చూద్దాం. తర్వాత నేనేం చెయ్యలేను. మిగతా తల్లులు ఊరుకోరు కదా!"

ఇన్నేళ్ళ సర్వీసులో పెద్దమ్మకి లొంగని పిల్ల లేదు. ఇప్పుడు సొంత మేనకోడలే పరువు తీస్తోంది. ఆ సాయంత్రమే తమ్ముడి ఇంటికెళ్ళి కిటికీ పక్కన కూలబడింది.

"దీనికి కంపంటే ఏమిటో తెలీదురా. తెలిసేదెలా? పుట్టిందగ్గర్నుంచీ నీ చంకలో పెరిగింది. మేజోడు దీనికి పువ్వులా కనపడుతోంది."

మామయ్య నవ్వాడు. "మరైతే మందు ఇంకొంచెం గట్టిది వాడాలి."

"అదే చెప్పడానికొచ్చాను. నీ పని చొక్కా ఒకటివ్వు. ఉతకంది."

సూది ఆగింది. "దేనికొదినా?" అంది అత్త.

"పిల్లలందరి ముందూ పెడతాను. అందరూ ఒక్కసారి ఛీ అంటే ఇదీ అంటుంది. పిల్లలు ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటారు. నేను చెబితే నేర్చుకోరు."

"వాళ్ళ నాన్న చొక్కా చూపించి ఛీ అనిపిస్తావా?"

"చొక్కాని అంటుందే, మనిషిని కాదుగా!"

"ఆ చొక్కా లోపల ఎవరుంటారొదినా, దొరబాబా? నేను ఆ కంపుతోనే కాపురం చేశాను. నా ముక్కేం ఊడిపడలేదు. ఇవ్వను. వీల్లేదు."

కానీ మామయ్య అప్పటికే లేచి చొక్కా విప్పుతున్నాడు. "తీసుకో అక్కా. దీనికంటే గట్టి సరుకు ఊళ్ళో ఎక్కడా దొరకదు. ఇవాళ తొట్టి కూడా కడిగాను, మంచి ఊపులో ఉంది" అంటూ ఉండచుట్టి పెద్దమ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో అందుకుని పాలిథిన్ సంచిలో వేసి మూతికి ముడి వేసింది. బనీనుతో నిలబడి నవ్వుతున్న మామయ్య, తనకేదో సన్మానం జరగబోతున్నట్టున్నాడు. అలాంటి నవ్వు చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తన్నేవాడి కాలికి తనే చెప్పు తొడిగే నవ్వు అది.

మర్నాడు నేను నీళ్ళ క్యాను భుజాన పెట్టుకుని వెళ్ళేసరికి పిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో సంచి. పెద్దమ్మ ముడి విప్పింది.

గదంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. పిల్లలు కుర్చీలతో సహా వెనక్కి జరిగారు. ఒక పాప వాంతి చేసుకుంది. ముక్కులు ముడుచుకున్నాయి, పెదాలు లేచాయి, తలలు పక్కకి తిరిగాయి. కళ్ళు మాత్రం తిరగలేదు. ఎంత చక్కగా నేర్చుకున్నారో!

ఉడత మొహం వెలిగిపోయింది.

"నాన్న!" అని లేచింది. గుమ్మంవైపు పరిగెత్తి నా వెనక చూసింది, తలుపు చాటున చూసింది, బల్లకింద చూసింది. ఎక్కడా లేడు. మళ్ళీ మధ్యలోకొచ్చి ఆ చొక్కాని రెండు చేతులతో తీసుకుని గుండెకి హత్తుకుంది. పిల్లలు ఇంకా వెనక్కి జరిగారు. దాని చుట్టూ గుండ్రంగా ఖాళీ ఏర్పడింది.

అది తలెత్తి చూసింది. ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్ళింది. నిన్న దానితో కలిసి పాట పాడిన పిల్ల, దాని బొమ్మ లాక్కున్న పిల్లాడు, అది బుగ్గ నిమిరిన నిక్కరు పిల్లాడు కూడా. అందరిదీ ఒకటే మొహం. ఒకసారి నవ్వింది. బదులు ఎవరూ నవ్వలేదు. చివరికి పెద్దమ్మ మొహం చూసింది. అక్కడ ఆ ముక్కు, ఆ పెదవి, తిరిగిన తల, తనమీద నుంచి కదలని ఆ రెండు కళ్ళు.

ఉడత చొక్కాని నేలమీద పెట్టింది. విసిరెయ్యలేదు. నిద్రపోతున్నదాన్ని పడుకోబెట్టినట్టు మెల్లగా పెట్టింది. ఒక అడుగు వెనక్కి వేసింది. దాని చిన్న ముక్కుపుటాలు కదిలాయి.

పెద్దమ్మ రెండు చప్పట్లు కొట్టింది. తలుపు దగ్గర నిలబడ్డ మేడమ్ కూడా కొట్టింది.

"వెరీ గుడ్! అమ్మాయి సీటు ఖాయం ఆయమ్మా. అవునూ, ఆ చొక్కా ఎక్కడ దొరికింది? భలే పనికొచ్చిందే!"

"చెత్తకుప్ప దగ్గర పడుంటే తెచ్చానమ్మా" అంది మా పెద్దమ్మ.

క్యాను దించి వచ్చేశాను. రోడ్డుమీదకొచ్చాక గుర్తొచ్చింది, ఆ గదిలో పిల్లలు పేర్చుకునే చెక్కబొమ్మల అతుకుల్లోనూ, తిరగేసే బొమ్మల పుస్తకాల వెన్నులోనూ ఉండేది ఆ ఫ్యాక్టరీ జిగురే. అది మాత్రం వాళ్ళకి కంపు కొట్టదు.

ఆ సాయంత్రం సీటు ఖాయమైన కబురు మామయ్యకి ముందే తెలిసింది. బిస్కెట్ల పొట్లం పట్టుకుని సందులోంచే కేకేసుకుంటూ వచ్చాడు. "ఏదీ మా దొరసాని? ఎక్కడ?"

ఉడత గుమ్మం దాకా వచ్చింది. కాళ్ళు తుడుచుకునే పట్టా దగ్గర ఆగిపోయింది. ముక్కు, పెదవి, తల. కళ్ళు మాత్రం ఆయనమీదే.

మామయ్య చెయ్యి పొట్లంతో సహా గాల్లోనే ఉండిపోయింది. ఒక్క క్షణం. అంతే, ఆ తర్వాత పకపకా నవ్వేశాడు.

"అబ్బో! అచ్చం మా అక్కే! అదే ముక్కు! ఏదీ, ఇంకోసారి చెయ్యి తల్లీ!"

అది ఇంకోసారి చేసింది. ఆయన పక్కింటి తాపీమేస్త్రీని పిలిచాడు, ఎదురింటి ఇస్త్రీ ఆయన్ని పిలిచాడు. "చూడండి, నా కూతురు నన్ను చూసి ఎలా మొహం పెడుతోందో! పెద్దింటి పిల్లల పద్ధతి వచ్చేసింది దీనికి." వాళ్ళూ నవ్వారు. ఇస్త్రీ ఆయనైతే "నీకిక బయటే పక్క గురూ" అన్నాడు. అత్త లోపలికెళ్ళి తలుపేసుకుంది.

ఆ వేళాకోళం కొన్నాళ్ళు నడిచింది. "దొరసానిగారూ, దాసుణ్ణి లోపలికి రానిస్తారా?" అని గుమ్మంలో చేతులు కట్టుకునేవాడు. మెల్లమెల్లగా అది కుంటుపడింది. ఫ్యాక్టరీ పంపు కింద స్నానం చేసి రావడం మొదలుపెట్టాడు. వేరే చొక్కా తీసుకెళ్ళి మార్చుకుని వచ్చేవాడు. గోళ్ళు రక్తం వచ్చేదాకా గీక్కునేవాడు. ఉడత మాత్రం పట్టా దాటలేదు. ఒకరోజు ఆయన రొట్టె ముక్క పాలలో ముంచి దాని నోటి దగ్గర పెట్టాడు. పుట్టినప్పట్నుంచీ అది ఆ చేత్తోనే తిన్నది. ఇప్పుడది ముక్కని చూడలేదు, వేళ్ళని చూసింది. చూసి, వాళ్ళమ్మ వెనక్కి వెళ్ళిపోయింది. రొట్టె మెత్తబడి పాలు ఆయన ముంజేతి మీదుగా కారాయి. మామయ్య ఆ ముక్క తనే తినేశాడు.

కిటికీ పక్క కుర్చీలో పెద్దమ్మ ఉంది.

అత్త సూది పక్కన పెట్టింది. "సంతోషమేగా వదినా? చొక్కానే అంటుందన్నావుగా!"

"నేర్పింది నేనేగా" అంది పెద్దమ్మ. "నేనే మాన్పిస్తాను. ఆదివారం వస్తాను. వాడికి ఆదివారం పని ఉంది కదూ? పనిలోంచి వచ్చినవాణ్ణి వచ్చినట్టే ఉండమను. స్నానం వద్దు."

ఆవిడ మాటలో బెరుకు వినడం నాకు కొత్త. అయినా పద్ధతి మాత్రం పాతదే. నేర్పడానికి చొక్కా, మాన్పడానికి మనిషి.

ఆదివారం సాయంత్రం మామయ్య వచ్చాడు. తెట్టు మరకలతో, సున్నం పొడితో, నిండు కంపుతో వచ్చాడు. పెద్దమ్మ ఆయన్ని గోడవారగా ఉన్న పొడుగు బల్లమీద కూర్చోబెట్టింది. ఉడతని ఎదురుగా చిన్న పీటమీద కూర్చోబెట్టింది. తర్వాత కిటికీ పక్క కుర్చీలోంచి లేచి, గది దాటి వెళ్ళి, తమ్ముడి పక్కన, భుజానికి భుజం తగిలేలా కూర్చుంది. నాకు ఊహ తెలిశాక ఆవిడ ఆయన్ని తాకడం చూడలేదు.

మామయ్య బిగుసుకుపోయాడు. "ఎందుకక్కా, నీ బట్టలు పాడవుతాయి."

"నోర్ముయ్యి." ఆవిడ తల ఆయన భుజంమీద వాల్చింది. శిశువిహారంలో పాటలు నేర్పే గొంతు తెచ్చుకుంది. "చూడమ్మా ఉడతా. ఎవరిది? నాన్న. నా తమ్ముడు. నేనెత్తుకుని పెంచాను. నాన్న ఎంత బాగుంటాడో, చూడు. ఎంత మంచి వాసనో!"

ఉడత పీటమీద బుద్ధిగా కూర్చుని చూస్తోంది. దానికి మాటలతో పనిలేదు. అది పెద్దమ్మ ముక్కునే చూస్తోంది.

పెద్దమ్మకి అది తెలిసింది. ఊపిరి బిగబట్టింది. నవ్వు మొహంమీద అలాగే నిలబెట్టింది. మెడ నరాలు ఉబ్బాయి, చెంపలు కందిపోయాయి. ఎంతసేపని బిగబడుతుంది? మనిషన్నాక గాలి పీల్చాలి. పీల్చింది.

ముక్కుపుటాలు కదిలాయి. ఆవిడ చేతులతో తమ్ముడి మోచెయ్యి గట్టిగా పట్టుకునే ఉంది, పోనివ్వనన్నట్టు. అయినా పైపెదవి ఓ పక్కకి లేచింది. తల మెల్లగా పక్కకి తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు. ఆ కళ్ళు మాత్రం, అలవాటు చొప్పున, ఉడతమీదే ఉన్నాయి.

ఉడత పీటమీంచి లేచింది. చాలా శ్రద్ధగా ముక్కు ముడిచింది. పెదవి లేపింది. తల తిప్పింది. ఆ తర్వాత చప్పట్ల కోసం ఎదురుచూస్తూ నిలబడింది.

మామయ్య దాన్ని చూడట్లేదు. అక్క మొహాన్నే చూస్తున్నాడు. ఇన్నాళ్ళూ అది పిల్లల కోసం పెట్టే మొహమనుకున్నాడు పాపం.

"ఊపిరి పీల్చుకో అక్కా, పోతావు" అన్నాడు.

ఆవిడ వేళ్ళని ఒక్కొక్కటే తన మోచేతిమీంచి విడదీశాడు. బల్లమీద పక్కకి జరిగాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నాడు. ఆవిడ అటువైపు జరగలేదు. ఉడత ఇంకా అలాగే నిలబడి పెద్దమ్మ చేతులవైపు చూస్తోంది.